బట్టీకన్ను

నేను కుర్చీల మేస్త్రిని. సినిమా హాలు, డాక్టరు గది, బస్సు, బడి, ఎక్కడైనా సరే, ఈ ఊళ్లో జనం కూర్చునే చోటు ఒక్కసారన్నా నా చేతిమీదుగా వెళ్లాల్సిందే. ఆ ఎండాకాలం నక్షత్రశాలలో రెండువందల పన్నెండు కుర్చీలకి కొత్త బట్ట వేసే పని నాకు పడింది. గుండ్రటి కప్పు, వెల్లకిలా వాలే సీట్లు, మిట్టమధ్యాహ్నం టికెట్టు కొనుక్కుని చూసే చుక్కలు. నాకు భలే నచ్చింది.

మా అక్క కూతురు అక్కడే గైడు. కాంట్రాక్టు ఉద్యోగం. ఆరు నెలలకోసారి పెద్దసారు సంతకం పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. చిన్నప్పట్నించీ దాన్ని పిచ్చుక అనే పిలుస్తాను. ఒక్కచోట నిలబడదు, నోరు మూయదు.

పెద్దసారంటే నక్షత్రశాలకి డైరెక్టరు. ఆయనకో అలవాటుంది. "నేను" అన్నప్పుడల్లా కుర్చీలో వెనక్కి వాలతాడు. మొదటిరోజే కనిపెట్టాను. ఆయన కుర్చీ బాగుచేసే వంకతో వెనక స్ప్రింగు కొంచెం బిగించాను. అప్పట్నించీ ఆయన "నేను" అన్నప్పుడల్లా కుర్చీ కీచుమంటుంది. ఆఫీసంతా ఫైళ్లు అడ్డం పెట్టుకుని నవ్వడమే. ఆయనకి మాత్రం ఈరోజు వరకూ తెలీదు. నేనంటే అదీ. నిద్ర లేవగానే ఇవాళ ఎవర్ని ఆటపట్టిద్దామా అని చూసుకునే రకం.

ఆ వేసవికి కొత్త ప్రదర్శన పెడుతున్నారు. ఒకే ఒక్క ఎర్రచుక్క మీద. వేసవి సాయంత్రాల్లో దక్షిణం వైపు కిందుగా కనిపిస్తుందే, అది. పిచ్చుక నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"అది ముసలి చుక్క మావయ్యా. వయసైపోయి ఉబ్బిపోయింది. మన సూర్యుడిలాంటివి వరసగా కొన్నివందలు పేర్చినా దాని అడ్డు కొలతకి సరిపోవు."

"ఉబ్బి, ఎర్రబడి, కదలకుండా కూర్చుందా? మీ పెద్దసారేగా!"

"ఛీ, విను. గ్రీకులు దాన్ని అంగారకుడికి పోటీ అన్నారు. అరబ్బులు తేలు గుండె అన్నారు. చైనావాళ్లు మహా అగ్ని అన్నారు. పాత సంస్కృతంలో జ్యేష్ఠ, అంటే పెద్దది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవి. పుస్తకాల్లో లేనివి కూడా పట్టుకు రమ్మన్నారు పెద్దసారు."

పట్టుకొచ్చింది కూడా. నెలరోజులు సాయంత్రాలు ఊరంతా తిరిగింది. రేవులో వలలు బాగుచేసేవాళ్లనీ, మేకలు కాసేవాళ్లనీ, దీపస్తంభం కాపలాదారునీ, ఎవరు దొరికితే వాళ్లని అడిగింది. వాడిన టికెట్ల వెనకవైపు రాసుకుంది. ఒక్కో టికెట్టు మీద ఒక పేరు, దాని కింద చెప్పిన మనిషి పేరు, ఆ పేరు ఎందుకొచ్చిందో రెండు ముక్కలు. కాపలాదారు ఇంట్లో దాన్ని 'దొంగదీపం' అంటారట, సముద్రం మీద కిందుగా ఉండి ఓడ దీపంలా మోసం చేస్తుందని. మేకలాయన ఇంట్లో 'తోడేలు కన్ను'. అలా పది పేర్లయ్యాయి.

పదకొండోది మా ఇంట్లోనే దొరికింది.

అక్క అత్తగారు మాతోనే ఉండేది. బావ పోయాక ఆ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లూ నేనూ. ఆవిడ ముప్పయ్యేళ్లు ఇటుకబట్టీలో మంట చూసే పని చేసింది. ఒకరోజు పొద్దుగూకే వేళ డాబా మీద బట్టలు తీస్తుంటే పిచ్చుక ఆవిణ్ణి కూర్చోబెట్టి చుక్క చూపించింది.

"నాయనమ్మా, మీరు దీన్ని ఏమనేవాళ్లు?"

"బట్టీకన్ను."

"ఎందుకు?"

"ఎందుకేంటే! బట్టీ గోడకి ఓ కంత ఉంటుంది, ఇటుకముక్క అడ్డం పెట్టి. అది తీసి లోపలికి చూడాలి. అదే కన్ను. మంట మొదట నల్లెరుపు, తర్వాత నెత్తురు ఎరుపు, తర్వాత పండిన ఎరుపు. పండిందో లేదో ఎలా తెలుస్తుంది? కంతలోంచి చూడటం, తలెత్తి ఆ చుక్కని చూడటం. రెండూ ఒక్కటైతే గాలికంతలు మూసెయ్యమని అరిచేదాన్ని. తొందరపడ్డావా, ఇటుక చేతిలో పొడైపోతుంది. ఆలస్యం చేశావా, కరిగి ముద్దలవుతుంది."

"ఎప్పుడూ తప్పలేదా అత్తా?" అన్నాను.

"నువ్వు కూర్చునే గోడ నా ఇటుకే. తప్పుంటే ఈపాటికి నీ బరువుకి కూలిపోయేది."

పిచ్చుక పకపకా నవ్వింది. ముసలావిడ నవ్వలేదు. టికెట్టు మీద రాస్తున్న మనవరాలి చెయ్యి పట్టుకుంది.

"మైకులో చెప్తారా?"

"చెప్తాం నాయనమ్మా."

"ఆ పేరు తెలిసినవాళ్లం ముగ్గురం మిగిలాం. పోయినేడు ఇద్దరు పోయారు. బట్టీ ఉన్నచోట గోడౌన్లు కట్టారు. ఒక్కసారి మైకులో వినిపించు చాలు. గట్టిగా వినిపించు, నాకు చెవి కూడా మందగించింది."

ఆ రాత్రే నా చెయ్యి దురద పెట్టింది.

కుర్చీల బట్టకి షేడ్ కార్డు ఇస్తారు. చిన్నచిన్న ముక్కలంటించి, ఒక్కోదానికి ఒక గొప్ప పేరు పెడతారు. సంధ్యారాగం, మేఘమాల, అలాంటివి. పెద్దసారు ఎంచుకున్న మెరూన్ రంగు పేరు 'శోణమణి 14'. పధ్నాలుగు వదిలేసి పేరు తీసుకున్నాను. ఒక టికెట్టు వెనక ఎడమచేత్తో వంకరటింకరగా రాశాను: "శోణమణి. ప్రాచీన నావికుల తాళపత్రాల నుంచి." పిచ్చుక టికెట్లు దాచుకునే కవర్లో దూర్చేశాను. పొద్దున్నే చూసి, "మావయ్యా!" అని అరుస్తుంది, నా వెంట పడుతుంది, అందరం నవ్వుకుంటాం. అంతే నా లెక్క.

పొద్దున్న నేను లేచేసరికి అది వెళ్లిపోయింది. గేటు దగ్గరే పెద్దసారు కవరు అడిగి తీసేసుకున్నాడట. నేను వెళ్లేసరికి కొత్త బట్ట తాన్లు లారీలో వచ్చి ఉన్నాయి. దించడంలో పడి మర్చిపోయాను. అవును, మర్చిపోయాను. దానికి సాకు చెప్పను.

మూడువారాల తర్వాత ఒక సాయంత్రం పిచ్చుక ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే గడపలో కూర్చుంది.

"అన్నీ కొట్టేశాడు."

"ఎవరు? ఏంటి?" అంది అక్క.

"బజారు పేర్లట. తోడేలు, దొంగ, బట్టీ... ఇవి వింటే సంస్థ పరువు పోతుందట. పదకొండూ కొట్టేసి, ఆ టికెట్లు నాకే తిరిగిచ్చి, ఒక్కటి ఉంచాడు. అది నేను తెచ్చినట్టు నాకే గుర్తులేదు. ఏదో శోణమణి. పలికితే నోరు నిండుతోందట. ఇత్తడి అక్షరాలు చేయించి గోడకి కొట్టిస్తున్నాడు."

నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. జీవితంలో మొదటిసారి నా మీద నాకే నవ్వు రాలేదు. ముప్పయ్యేళ్లు మంట ముందు నిలబడి సంపాదించిన పేరు బజారుది, నేను ఎడమచేత్తో గీకింది ప్రాచీనమా? ఎవడయ్యా ఈ మనిషి!

మర్నాడు తిన్నగా ఆయన గదిలోకి వెళ్లాను.

"సార్, ఆ శోణమణి నేను రాసింది. చుక్క పేరు కాదు, కుర్చీ బట్ట పేరు. మా పిల్లని ఆటపట్టించడానికి కవర్లో పెట్టాను. తీసెయ్యండి. అసలైన పేర్లు మిగతా పదకొండు."

"నువ్వు ఎంతవరకు చదివావు?"

"ఆరు సార్. ఆరు కూడా సగమే."

"నేను..." కీచుమంది, "ముప్పయ్యేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. ఆ పేరు నేను..." కీచుమంది, "చదువుకునే రోజుల్లోనే తాళపత్రంలో చూశాను."

"ఎలా చూస్తారు సార్, మూడువారాల కిందట నేను రాసింది?" అని షేడ్ కార్డు బల్ల మీద పెట్టాను.

ఆయన దాన్ని వేలితో ఇటు తోసేశాడు. "నక్షత్రం పేరు చూసి బట్టలవాడు పెట్టుకున్నాడు. అంతేగా! వెళ్లి కుర్చీలు చూసుకో."

ఆరో క్లాసు సగం చదివినవాడు నిజం చెబితే పనికిరాదు, అబద్ధం చెబితే గోడకెక్కిస్తారు. ఇంటికెళ్లి పిచ్చుకకి మొత్తం చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"నెలరోజులు తిరిగాను. ఒక్కొక్కళ్ల గుమ్మంలో కూర్చుని అడిగాను. నీకు నవ్వుకోడానికి అదే దొరికిందా?" అంది. అంతే. ఆరోజు నించి నన్ను మావయ్యా అని పిలవడం మానేసింది. ఇంట్లో అన్నం వడ్డించినా నా వైపు చూడకుండా వడ్డించేది.

తన మాట చెల్లదని తెలిసి కూడా పెద్దసారు దగ్గరికి రెండుసార్లు వెళ్లింది. కనీసం బట్టీకన్ను ఒక్కటైనా చేర్చమని అడిగింది. "చూద్దాం" అన్నాడు. ఆ ముక్క పట్టుకుని మేమెవ్వరం ముసలావిడకి ఏమీ చెప్పలేదు.

ప్రారంభం రోజు వచ్చింది. ఆట సాయంత్రం నాలుగింటికి. ఆవిడ ఉతికిన బట్టలు కట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని, నేను బాగుచేసిన కుర్చీల్లో మూడో వరసలో కూర్చుంది. అక్క పక్కన, నేను వెనక. పిచ్చుక గోడవార నిలబడింది. కుర్చీలన్నిటికీ బట్ట వేసేశాను కానీ, కింద బిగించే అట్టలు ఇంకా రాలేదు. ఎవరు చూస్తారులే అన్నాడు పెద్దసారు.

దీపాలు ఆరాయి. కప్పు మీద చుక్కలు పరుచుకున్నాయి. ఎర్రచుక్క వెలిగింది. మైకు పట్టుకుని పెద్దసారు మొదలెట్టాడు. గ్రీకులు అయ్యారు. అరబ్బులు అయ్యారు. చైనావాళ్లు అయ్యారు.

"నాది ఎప్పుడే?" ముసలావిడ అక్కని గుచ్చింది.

"ఉండండి అత్తయ్యా."

వీణ, డోలు, ఏవేవో మోగాయి. "శోణమణి!" అన్నాడు ఆయన. గోడ మీద ఇత్తడి అక్షరాలకి లైటు పడింది. చప్పట్లు కొట్టారు. దీపాలు వెలిగాయి. ముసలావిడ ఇంకా కప్పుకేసి చూస్తూనే ఉంది, తర్వాత వస్తుందేమోనని.

అప్పుడు ముందు వరసలోంచి ఒక తెల్లజుట్టు మేడం లేచింది. వేరే ఊరి కాలేజీలో నక్షత్రాల పాఠాలు చెప్పే ఆవిడట, ముఖ్య అతిథి.

"శోణమణి అన్న పేరు నేనెక్కడా వినలేదు. ఏ తాళపత్రం అండీ?"

పెద్దసారు మైకు చేతులు మార్చుకున్నాడు. "ఆ వివరాలు సేకరించింది మా కాంట్రాక్టు అమ్మాయి. ఆవిణ్ణే అడగండి." వేలు పిచ్చుక వైపు.

నేను లేచాను. "ఆ పిల్ల కాదు. నేను రాశాను. అది కుర్చీ బట్ట పేరు!"

హాలంతా ఘొల్లుమంది. పెద్దసారు కూడా నవ్వేశాడు. "మా కుర్చీల మేస్త్రి. సరదా మనిషి లెండి."

"సరదా కాదు! అందరూ ఒక్కసారి లేచి నిలబడండి. లేస్తే సీటు దానంతటదే పైకి మడుచుకుంటుంది. కింద మడిచి పిన్నులు కొట్టిన అంచు చదవండి!"

ముందు పిల్లలు లేచారు. తర్వాత తల్లులు. రెండువందల మంది వంగి కుర్చీల అడుగులు చూశారు. బట్ట అంచు పొడుగునా నల్ల అక్షరాలతో శోణమణి 14, శోణమణి 14. ఎవరో గట్టిగా చదివారు. ఈసారి నవ్వు నా మీద కాదు. తెల్లజుట్టు మేడం మోకాళ్ల మీద కూర్చుని మరీ చదివింది.

గెలిచాననుకున్నాను. బుద్ధి తక్కువ.

పెద్దసారు ముఖం నిమిషంలో సర్దుకుంది. "చూశారుగా! ఇందుకే ఆ అమ్మాయి తెచ్చిన మిగతా పదకొండూ నేను తీసేశాను. అంతా కల్పన. ఈ ఒక్కటి నా కళ్లు కప్పింది."

"తాళపత్రంలో చూశానన్నారుగా నాతో!" అని అరిచాను. ఎవరూ పట్టించుకోలేదు.

మేడం పిచ్చుక వైపు తిరిగింది. మంచిగానే అడిగింది. "ఒకటి అబద్ధమైతే మిగతావి నిజమని ఎలా నమ్మాలమ్మా?"

పిచ్చుక నోరు తెరిచింది. మాట రాలేదు. ఎప్పుడూ నోరు మూయని పిల్ల. పదకొండు మంది నిజాన్ని నేను ఒక్క టికెట్టు ముక్కతో తుడిచేశాను. ఆ పెద్దసారు మీద నాకెంత కోపమో చెప్పలేను. కానీ ఆ మచ్చ మాత్రం నా చేతిదే.

అప్పుడు మూడో వరసలోంచి ముసలావిడ గొంతు వినబడింది.

"ఆ చుక్క రంగు తప్పు."

"ఏమ్మా?" అంది మేడం.

"మీరు పైన వేసింది పచ్చిది. నెత్తురు ఎరుపు. అసలు చుక్క అలా ఉండదు. ఈ రంగు చూసి బట్టీ మూసుంటే ఇటుకంతా పొడైపోయేది. ముప్పయ్యేళ్లు చూశాను నేను."

పెద్దసారు, "కూర్చోబెట్టండి ఆవిణ్ణి" అన్నాడు. మేడం చెయ్యెత్తి ఆపింది. "ఆవిడ చెప్పింది నిజమే. బొమ్మల్లో మరీ ఎర్రగా వేస్తారు. ఆకాశంలో నారింజ కలిసి ఉంటుంది." ప్రొజెక్టరు నడిపే ఆయన ఎప్పుడూ చీకట్లోనే ఉంటాడని అందరూ గుడ్లగూబ అంటారు. ఆయన ఎవర్నీ అడగలేదు. దీపాలు ఆర్పేశాడు. చుక్క రంగు కొంచెం కొంచెం మార్చడం మొదలెట్టాడు.

"ఇంకా. ఇంకా కొంచెం. అబ్బ, దాటిపోయింది, వెనక్కి రా బాబూ. ఆ... ఆగు."

గుడ్లగూబ చెయ్యి ఆపాడు.

"ఇదీ. ఇప్పుడు గాలికంతలు మూసెయ్యండి."

గుడ్లగూబ తన బల్ల దగ్గరి మైకులోంచి అడిగాడు. "దీని పేరేంటి పెద్దమ్మా?"

ఆవిడ చెప్పబోతోంది. టక్కుమని లైట్లన్నీ వెలిగాయి. పెద్దసారు చెయ్యి స్విచ్చి మీద ఉంది. "కార్యక్రమం ముగిసింది. టీ సిద్ధంగా ఉంది."

జనం టీకి కదిలారు. మేడం పిచ్చుక దగ్గర టికెట్లు తీసుకుని చూసింది, చిరునామా రాసుకుంది, ఎవరో కారు వచ్చిందంటే వెళ్లిపోయింది. ఉత్తరం రాస్తానంది. రాలేదు.

వచ్చింది ఇంకో ఉత్తరం, సోమవారం. సంస్థ గౌరవానికి భంగం కలిగించినందుకు కాంట్రాక్టు పొడిగించడం లేదట. నా మిగిలిన పని కూడా వేరేవాడికి ఇచ్చారు. అది నాకు తగిన శాస్తే. కానీ వినండి. ఇత్తడి అక్షరాలు పీకేశారు, గోడకి మేకుల కంతలు మిగిలాయి. చుక్కకి మాత్రం ముసలావిడ చూపించిన రంగే ఉంచుకున్నారు. 'మా నిపుణులు సరిచేసిన సహజ వర్ణం' అని బయట బోర్డు పెట్టారు. రంగు కావాలి, పేరు అక్కర్లేదు!

అంతకంటే ఘోరం ఇంకోటి. రోజూ ఆడే ప్రదర్శనకి పిచ్చుక గొంతు ముందే రికార్డు చేసి పెట్టుకున్నారు. మనిషిని వద్దన్నారు. గొంతుని మాత్రం రోజుకి ఆరు ఆటలు ఆడిస్తున్నారు. ఆ రికార్డులో ఒకచోట అది అడుగుతుంది: "పిల్లలూ, ఈ చుక్కని మీ ఇంట్లో ఏమంటారు?" అడిగి మూడు సెకన్లు ఆగుతుంది, పిల్లలు ఆలోచించుకోడానికి.

ఆ సంగతి గుడ్లగూబే వచ్చి చెప్పాడు. ఆ ఆదివారం అక్క నాలుగు టికెట్లు కొంది. చీకట్లో కూర్చున్నాం. చుక్క వెలిగింది. గొంతు అడిగింది, ఆగింది.

"బట్టీకన్ను!" అంది ముసలావిడ.

ముందు వరసలో ఎవరో పిల్లవాడు వెనక్కి తిరిగి, "ఏంటది?" అన్నాడు. వాళ్లమ్మ, "చుక్క పేరట" అంది.

తర్వాతి ఆదివారానికి పిచ్చుక పాత గుమ్మాలన్నిటికీ మళ్లీ తిరిగింది. దీపస్తంభం కాపలాదారు కూతురు వచ్చింది. మేకలాయన తన ఇంటిల్లిపాదినీ తెచ్చాడు. ఆ మూడు సెకన్లలో హాలు నలుమూలలా దొంగదీపం, తోడేలు కన్ను, ఒకదాని మీద ఒకటి. తెలియని పిల్లలు కూడా తమకి తోచిన పేరు అరిచారు. నేను మాత్రం నోరు విప్పలేదు. ఏ పేరు అరవను? నాకున్నది బట్ట పేరొక్కటేగా.

మూడో ఆదివారం వెళ్లేసరికి ఆ మూడు సెకన్లూ కోసేశారు.

మేము గాలి పీల్చుకుని సిద్ధంగా ఉన్నాం. "మీ ఇంట్లో ఏమంటారు?" అన్న గొంతు ఆగలేదు. "ఇప్పుడు మనం ఉత్తరం వైపు వెళ్దాం" అంటూ పరిగెత్తింది. హాలంతా ఒక్క క్షణం తెల్లబోయింది. ముసలావిడ, "అయిపోయిందా?" అంది, చిన్నపిల్లలా. మూడు సెకన్లయ్యా! మూడు సెకన్లు కూడా భరించలేకపోయారా!

పక్క కుర్చీ చప్పుడైంది. పిచ్చుక లేచి నిలబడింది. స్పీకర్లలో దాని గొంతే ఉత్తరం గురించి చెప్పుకుపోతోంది. పిచ్చుక ఆ గొంతు మీదుగా, నోటితో పేర్లు చెప్పడం మొదలెట్టింది. మొదటి పేరు, చెప్పిన మనిషి పేరు. రెండో పేరు, చెప్పిన మనిషి పేరు. తొందరపడకుండా, ఒక్కోటీ విడివిడిగా. ఒకే పిల్ల రెండు గొంతులు ఆ చీకట్లో పోట్లాడుకుంటున్నాయి. పదో పేరు దగ్గర స్పీకర్లు ఆగిపోయాయి. ఎవరు ఆపారో నేను అడగలేదు. గుడ్లగూబ చెప్పలేదు.

పదకొండోది చెప్పే ముందు పిచ్చుక వంగి నాయనమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది. ఆ పేరు హాలు మొత్తం వినబడేంత గట్టిగా చెప్పింది.